బిల్లులు, పత్రాలు పంపేటప్పుడు కవరింగ్ లెటర్ ఎలా రాయాలి?

“బిల్లుతో పాటు ఒక కవరింగ్ లెటర్ పెట్టి తీసుకురండి” అని కౌంటర్ దగ్గర చెప్పి పంపేస్తారు. అందులో ఏం రాయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆఫీసులకు కొత్తగా సరుకు సప్లై చేస్తున్నవాళ్లు, బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్ అప్పు) లిమిట్ రెన్యువల్‌కి కాగితాలు ఇవ్వాల్సినవాళ్లు, చిన్న కంపెనీలో అకౌంట్స్‌లో చేరి నెల కూడా కాని పిల్లలు, అందరూ నన్ను ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసి పెడితే మంచిదనిపించింది.

ఉద్యోగానికి బయోడేటాతో పంపే లెటర్ వేరు, దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. బిల్లు, చలానా, కొటేషన్, అగ్రిమెంటు, స్టాక్ స్టేట్‌మెంట్, చెక్కు, సర్టిఫికెట్లు, ఇలాంటివి మన చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లేటప్పుడు పైన పెట్టే ఒక్క పేజీ ఉత్తరం గురించి చెబుతున్నాను. చాలామంది దాన్ని మర్యాద కోసం పెట్టే కాగితం అనుకుని “దయచేసి పత్రాలు స్వీకరించగలరు” అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేస్తారు. మీరు ఏ రోజు, ఎవరికి, ఏయే కాగితాలు, ఎన్నెన్ని ఇచ్చారో చెప్పే రుజువు అది. రేపు ఏదైనా కాగితం కనిపించడం లేదంటే మీ చేతిలో ఉండేది అదొక్కటే.

నాకు ఇది తెలిసొచ్చిన తీరు చెబుతాను. చాలా ఏళ్ల కిందట, నేను అకౌంట్స్ చూసే సంస్థ తరఫున ఒక ఆఫీసులో డిసెంబరు నెలలో బిల్లు ఇచ్చాను. కవరింగ్ లెటర్‌లో రాసింది “బిల్లు, సంబంధిత పత్రాలు జతపరచడమైనది” అని, అంతే. మార్చిలో వెళ్తే ఫైలులో డెలివరీ చలానా లేదన్నారు. స్టోర్ ఇన్‌చార్జి సంతకం ఉన్న అసలు చలానా అది. నేను పెట్టానని నాకు తెలుసు, కానీ నా దగ్గరున్న ఆఫీస్ కాపీలో చలానా అన్న మాటే లేదు. ఆ స్టోర్ ఇన్‌చార్జి అప్పటికే బదిలీ మీద వేరే జిల్లాకి వెళ్లిపోయారు. ఆయన్ని వెతికి పట్టుకుని, సరుకు ముట్టినట్టు మళ్లీ రాయించుకుని తెచ్చేసరికి మార్చి 31 దాటింది, ఆ ఏడాది బడ్జెట్ మురిగిపోయింది, డబ్బు చేతికొచ్చేసరికి జూలై అయింది. అన్నాళ్లూ మా ఓనర్ బయట వడ్డీకి తెచ్చి జీతాలిచ్చారు. “డెలివరీ చలానా, అసలు, 1 పేజీ” అని ఒక్క వరుస రాసి ఉంటే, ఆ కాగితం వెతకాల్సిన బాధ్యత వాళ్లదయ్యేది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- మీ సంస్థ లెటర్‌హెడ్. ప్రింటు చేయించుకోకపోతే తెల్లకాగితం మీద పైన పేరు, చిరునామా, ఫోను, మెయిలు, జీఎస్టీ నంబరు టైపు చేసుకున్నా చెల్లుతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే మాత్రం జాగ్రత్త: కంపెనీల చట్టం 2013 సెక్షన్ 12 ప్రకారం లెటర్‌హెడ్ మీద, బిల్లుల మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబరు), ఫోను, మెయిలు ఉండాలి.
- పంపాల్సిన పత్రాలన్నీ.
- అవతలివాళ్లు మీకిచ్చిన ఆర్డరో, ఉత్తరమో, నోటీసో, మెయిలో. దాని నంబరు, తేదీ కావాలి.
- రబ్బరు స్టాంపు, పెన్సిలు, ట్యాగు.
- అవుట్‌వర్డ్ రిజిస్టర్, అంటే పంపిన ఉత్తరాలు రాసుకునే పుస్తకం. లేకపోతే 100 పేజీల నోటుబుక్ ఒకటి కొనండి, చాలు.

ఇక పని మొదలుపెడదాం.

1. ఉత్తరం కంటే ముందు పత్రాలు పేర్చండి

అందరూ తలకిందులుగా చేసేది ఇదే. ముందు ఉత్తరం టైపు చేసి, తర్వాత పత్రాలు వెతుకుతారు. అప్పటికి ఒకటి దొరకదు, ఇంకొకటి కొత్తగా చేరుతుంది, ఉత్తరంలో ఉన్నది ఒకటి, కవరులో ఉన్నది ఇంకొకటి. అందుకని టేబుల్ మీద అన్నీ వరుసగా పేర్చండి. ముఖ్యమైనది పైన, దాన్ని బలపరిచేవి కింద. బిల్లు అయితే ఇన్‌వాయిస్, చలానా, ఆర్డర్ కాపీ, వారంటీ, బ్యాంకు వివరాలు, ఈ వరుస బాగుంటుంది.

తర్వాత ప్రతి పేజీకి కుడివైపు పై మూలన పెన్సిల్‌తో 1 నుంచి చివరిదాకా నంబర్లు వేయండి. అసలు సర్టిఫికెట్ల మీద పెన్నుతో రాయకండి. ఈ పని రెండు నిమిషాలు పడుతుంది కానీ, 13 పేజీలు అని ఉత్తరంలో రాసి 12 ఇవ్వడం అనే పొరపాటు ఇక జరగదు.

2. నంబరు, తేదీ

ప్రతి ఉత్తరానికీ ఒక నంబరు ఇవ్వండి. 31/2025-26 అంటే ఆ ఆర్థిక సంవత్సరంలో మీరు పంపిన 31వ ఉత్తరం. ఏప్రిల్ 1న మళ్లీ 1 నుంచి మొదలు. అదే నంబరుతో నోటుబుక్‌లో ఒక వరుస రాయండి: తేదీ, ఎవరికి, ఏం పంపాం, ఎలా పంపాం. చిన్న షాపుకి ఇదంతా ఎందుకండీ అని అడుగుతారు. రేపు మీరు ఫోన్ చేసి “నెల కిందట ఇచ్చాను సార్” అంటే ఎవరూ వెతకరు, “మా ఉత్తరం నంబరు 31, జూన్ 5” అంటే వెతుకుతారు.

తేదీ విషయంలో ఒకటే మాట. ఉత్తరం ఏ రోజు చేతికి ఇస్తున్నారో ఆ తేదీ వేయండి. పాత తేదీలు వేసి లేటును కప్పిపుచ్చాలని చూడొద్దు, వాళ్ల స్టాంపు తేదీ పక్కనే పడుతుంది.

3. ఎవరికి రాయాలి

మనిషి పేరు కంటే హోదా ముఖ్యం. “కమిషనర్ గారికి”, “బ్రాంచ్ మేనేజర్ గారికి”, “అకౌంట్స్ మేనేజర్ గారికి”. మనుషులు బదిలీ అవుతారు, కుర్చీ అక్కడే ఉంటుంది. మీకు పరిచయమున్న గుమస్తా పేరు మీద ఎప్పుడూ రాయకండి, ఆయన సెలవులో ఉంటే ఆ కవరు ఆయన డ్రాయర్‌లోనే ఉంటుంది. ప్రైవేటు కంపెనీలో ఫలానా ఆవిడే చూస్తారని ఖాయంగా తెలిస్తే హోదా రాసి, దాని కింద “శ్రీమతి ఫలానా గారి దృష్టికి” అని ఒక వరుస చేర్చండి.

ఆర్డర్ ఒక ఆఫీసు నుంచి వచ్చి, సరుకు ఇంకో ఆఫీసుకి దిగి, బిల్లు మూడో చోట ఇవ్వాల్సిన సందర్భాలు ఉంటాయి. ఆర్డర్ చివరి పేజీలో షరతుల కింద బిల్లు ఎవరికి సమర్పించాలో రాసి ఉంటుంది, అది చదివాకే చిరునామా వేయండి.

4. విషయం, సూచిక

ఈ రెండు వరుసల మీదే మీ ఉత్తరం ఏ సెక్షన్‌కి వెళ్తుందో ఆధారపడి ఉంటుంది. తపాలు చూసేవాళ్లు రోజూ బోలెడు కవర్లు విప్పుతారు, వాళ్లు లోపలిదంతా చదవరు, విషయం చూసి ఏ టేబుల్‌కో రాసేస్తారు. “పత్రాల సమర్పణ” అని మాత్రమే రాస్తే ఏ పత్రాలు, దేనికి? “40 ఎల్‌ఈడీ వీధి దీపాల సరఫరా – బిల్లు సమర్పణ – గురించి” అంటే ఇక అనుమానం ఉండదు.

సూచికలో వాళ్ల నంబరు, తేదీ రాయండి. మీది కాదు, వాళ్లది. వాళ్ల దగ్గర ఫైలు ఆ నంబరుతోనే తెరిచి ఉంటుంది. ఫోన్‌లో మాట్లాడుకుని పంపుతున్నట్టయితే “తేదీ 2-6-2025న ఫోన్‌లో మాట్లాడిన మేరకు” అని రాయండి, అదీ సూచికే.

5. అసలు ఉత్తరం: మూడు నాలుగు వాక్యాలు చాలు

ఏం జరిగింది, ఏం పంపుతున్నాం, వాళ్లు ఏం చేయాలి. ఇంతే. మీ సంస్థ చరిత్ర, మీ కష్టాలు, ఆలస్యానికి కారణాలు ఇందులో పెట్టకండి. ఫిర్యాదు ఉంటే వేరే ఉత్తరం రాయండి. కవరింగ్ లెటర్‌లో గొడవ కలిపితే బిల్లు పక్కన పెట్టి, ముందు ఆ గొడవకు సమాధానం తయారుచేసే పనిలో పడతారు.

మూడోది, అంటే వాళ్లు ఏం చేయాలన్నది, చాలామంది వదిలేస్తారు. బిల్లు పాస్ చేయాలా, సంతకం పెట్టి ఒక కాపీ వెనక్కి పంపాలా, ఊరికే రికార్డులో పెట్టుకోవాలా? అగ్రిమెంటు పంపేటప్పుడు “రెండో ప్రతిపై సంతకం చేసి మాకు తిరిగి పంపగలరు” అని రాయకపోతే రెండు ప్రతులూ వాళ్ల దగ్గరే ఉండిపోతాయి.

డబ్బు మొత్తం రాసేటప్పుడు అంకెల్లో, అక్షరాల్లో రెండూ రాయండి.

6. జతపరచినవి

నన్నడిగితే ఉత్తరం అంటే ఈ భాగమే. మిగతాది దీనికి ముందుమాట. ప్రతి పత్రానికీ ఒక వరుస, ఆ వరుసలో నాలుగు సంగతులు: పేరు, దాని నంబరు-తేదీ, అసలా నకలా, ఎన్ని పేజీలు. కింద మొత్తం. “ఇతర పత్రాలు”, “మొదలైనవి” అన్న మాటలు ఈ పట్టికలో ఎక్కడా కనిపించకూడదు.

అసలు పత్రాలు అడగని చోట ఇవ్వకండి. నకలు చాలంటే నకలే. నకలు మీద “అసలుతో సరిపోల్చిన నకలు” అని రాసి సంతకం, స్టాంపు వేస్తే చాలా చోట్ల సరిపోతుంది. ఆధార్, పాన్ కాపీలు ఇచ్చేటప్పుడు వాటి మీద అడ్డంగా “ఫలానా పని కోసం మాత్రమే” అని రాసి తేదీ వేయండి, ఆధార్ అయితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ తీసుకుంటారేమో ముందు అడగండి.

చెక్కు పంపుతుంటే 6 అంకెల చెక్కు నంబరు, తేదీ, బ్యాంకు పేరు, మొత్తం, ఏ బిల్లు తాలూకు అన్నది పట్టికలో రావాలి. సెక్యూరిటీ కోసం చెక్కులు ఇవ్వాల్సి వస్తే ఒక్కో చెక్కు నంబరూ రాసి, ఏ అప్పు కోసం ఇస్తున్నారో ఉత్తరంలో స్పష్టంగా రాసి, సంతకంతో రసీదు తీసుకోకుండా చెక్కులు వదిలిపెట్టొద్దు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడి ఇబ్బందుల్లో పడినవాళ్లను నేను చూశాను.

7. సంతకం

ప్రొప్రైటర్ అయితే ప్రొప్రైటర్, భాగస్వామ్య సంస్థ అయితే భాగస్వామి, కంపెనీ అయితే డైరెక్టర్ లేదా బోర్డు అధికారం ఇచ్చిన వ్యక్తి. సంస్థ పేరు పైన, సంతకం మధ్యలో, కింద పేరు, హోదా, ఫోన్ నంబరు. స్టాంపు సంతకం మీద కొంచెం తగిలేలా వేయండి, కానీ సంతకం కనపడకుండా పోకూడదు. బ్యాంకుకి ఇచ్చే ఉత్తరంలో అయితే వాళ్ల రికార్డులో ఉన్న సంతకమే పెట్టాలి. ఆఫీసులో పనిచేసే అబ్బాయి చేత “ఫర్” (మీ తరఫున) అని సంతకం పెట్టించి పంపితే కొన్ని చోట్ల తిప్పి పంపేస్తారు.

ఇప్పుడు నమూనా చూడండి. అంకెలు ఉదాహరణకి వేసినవి, మీవి మార్చుకోండి.

(సంస్థ లెటర్‌హెడ్)

నం. 31/2025-26
తేదీ: 5-6-2025

కమిషనర్ గారికి,
పురపాలక సంఘ కార్యాలయం,
(ఊరు, పిన్‌కోడ్).

ఆర్యా,

విషయం: 40 ఎల్‌ఈడీ వీధి దీపాల సరఫరా – బిల్లు, సంబంధిత పత్రాల సమర్పణ – గురించి.
సూచిక: మీ సరఫరా ఉత్తర్వు నం. ______, తేదీ 9-5-2025.

పై ఉత్తర్వు ప్రకారం మా యూనిట్‌లో తయారు చేసిన 40 ఎల్‌ఈడీ వీధి దీపాలను 2-6-2025న మీ స్టోరుకు అందజేశాం. సరుకు సరిగా ముట్టినట్టు స్టోర్ ఇన్‌చార్జి గారు చలానాపై అదే రోజు సంతకం చేశారు. ఇందుకు సంబంధించి జీఎస్టీతో కలిపి రూ. 1,84,080 (ఒక లక్షా ఎనభై నాలుగు వేల ఎనభై రూపాయలు) బిల్లును కింది పత్రాలతో సమర్పిస్తున్నాం.

బిల్లును పరిశీలించి, పై మొత్తాన్ని జతపరచిన క్యాన్సిల్డ్ చెక్కులోని ఖాతాకు జమ చేయించగలరని కోరుతున్నాం. ఏదైనా పత్రం తక్కువైతే కింది ఫోన్ నంబరుకు తెలియజేయగలరు.

జతపరచినవి:
1. ఇన్‌వాయిస్ నం. 47, తేదీ 2-6-2025 – అసలు 1, నకళ్లు 2 – 3 పేజీలు
2. డెలివరీ చలానా నం. 112, తేదీ 2-6-2025, స్టోరు సంతకంతో – అసలు – 1 పేజీ
3. సరఫరా ఉత్తర్వు – నకలు – 4 పేజీలు
4. వారంటీ సర్టిఫికెట్ – అసలు – 2 పేజీలు
5. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ – నకలు – 2 పేజీలు
6. క్యాన్సిల్డ్ చెక్కు నం. ______ – 1 పేజీ
మొత్తం: 6 రకాల పత్రాలు, 13 పేజీలు

ఇట్లు,
(సంస్థ పేరు) తరఫున
(సంతకం, స్టాంపు)
పేరు, హోదా, ఫోన్

ఈ నమూనాలో సరుకు ముట్టిన తేదీ ఉత్తరంలోనే ఎందుకు రాశానని అడుగుతారేమో. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రావాల్సిన డబ్బును, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఒప్పందంలోని గడువులో ఇవ్వాలి, ఆ గడువు కూడా 45 రోజులు మించకూడదు. లెక్క సరుకును అంగీకరించిన రోజు నుంచి మొదలవుతుంది, మీరు ఉత్తరం ఇచ్చిన రోజు నుంచి కాదు. అందుకే ఆ తేదీ, ఉద్యమ్ సర్టిఫికెట్ (ఇలాంటి సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైనట్టు చూపే పత్రం) రెండూ మొదటి ఉత్తరంలోనే ఉంటే తర్వాత అడగడానికి బలం ఉంటుంది. ఇది తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకు. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నంబరు ఉన్నా ఆలస్య చెల్లింపుల సౌకర్యం వర్తించదు, కాబట్టి వాళ్లు దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

భాష సంగతి. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు తెలుగులో నిస్సంకోచంగా రాయండి, ఉమ్మడి రాష్ట్రంలో 1966లోనే తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. బ్యాంకులకు, వేరే రాష్ట్రం కంపెనీలకు ఇంగ్లీషు తప్పదు. అక్కడా ఇదే వరుస, ఇదే పట్టిక. “ప్లీజ్ ఫైండ్ ఎన్‌క్లోజ్డ్ హియర్‌విత్” అని పాత ఫైలులోంచి కాపీ కొట్టి అక్కడితో ఆపేయకండి, ఏం ఎన్‌క్లోజ్ చేశారో రాయండి.

బ్యాంకుకి స్టాక్ స్టేట్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఏ తేదీ నాటిదో విషయం వరుసలోనే రావాలి: “30-6-2025 నాటి స్టాక్, బుక్ డెట్స్ స్టేట్‌మెంట్” (బుక్ డెట్స్ అంటే మీకు రావాల్సిన బాకీలు). నెలలో ఏ తేదీలోపు ఇవ్వాలో మీ శాంక్షన్ లెటర్‌లో (బ్యాంకు అప్పు మంజూరు చేస్తూ ఇచ్చిన ఉత్తరంలో) ఉంటుంది. లేటయితే అదనపు చార్జీలు పడొచ్చు, కాబట్టి ఇచ్చిన తేదీకి రుజువు ఇక్కడ చాలా అవసరం.

8. రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకటి వెనక్కి తెచ్చుకోండి

ఉత్తరం రెండు ప్రింట్లు తీయండి, రెండింటి మీదా సంతకం పెట్టండి. ఒకటి పత్రాలకు ట్యాగు వేసి ఇవ్వడానికి, ఇంకొకటి ఆఫీస్ కాపీ. ఇన్‌వర్డ్ కౌంటర్‌లో, అంటే వచ్చిన ఉత్తరాలు తీసుకునే చోట, ఉత్తరం ఇచ్చాక అక్కడే నిలబడండి. వాళ్లు రిజిస్టర్‌లో ఎక్కించి, స్టాంపు వేసి, దాని మీద నంబరు రాసి, పొట్టి సంతకం పెడతారు. చాలాసార్లు స్టాంపు ప్యాడ్ ఆరిపోయి సగం అక్షరాలే పడతాయి, తేదీ ఉండాల్సిన చోట నీలం మరక మిగులుతుంది. మొహమాటం లేకుండా “అమ్మా, తేదీ పడలేదు, పెన్నుతో ఒకసారి వేస్తారా” అని అడగండి. వేస్తారు. ఇన్‌వర్డ్ నంబరు కూడా రాయించుకోండి.

జతపరచినవి సరిచూసుకునే తీరిక వాళ్లకు ఉండకపోవచ్చు. మీరే ట్యాగు కట్టను తెరిచి “సార్, ఇదిగో చలానా అసలు” అని ముఖ్యమైన అసలు పత్రాన్ని చూపించండి. ఆఫీస్ కాపీలో ఆ వరుస పక్కన ఒక టిక్కు పెట్టమంటే పెట్టేవాళ్లు ఉన్నారు. రసీదు ఇవ్వం, పెట్టి వెళ్లండి అంటే గొడవ పడొద్దు, కవరు వెనక్కి తీసుకుని అదే రోజు పోస్టులో పంపండి.

9. పోస్టులో, మెయిల్‌లో పంపాలంటే

మనకు అలవాటైన రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు విడిగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, బట్వాడా రుజువు చేర్చమని కౌంటర్‌లో అడగండి. రసీదు మీదున్న 13 అక్షరాల ట్రాకింగ్ నంబరును ఆఫీస్ కాపీ మీద రాసి, రసీదును దానికే పిన్ చేయండి. రసీదు మీది అచ్చు కొన్ని నెలలకు వెలిసిపోతుంది, ఒక జిరాక్స్ తీసి పెట్టండి. డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో చూపించిన రోజే ఆ పేజీ ప్రింట్ తీసుకోండి.

మెయిల్ అయితే సంతకం చేసిన కవరింగ్ లెటర్ స్కాన్ మొదటి అటాచ్‌మెంట్. పట్టికలో ఏ వరుసలో ఉన్నాయో ఫైళ్ల పేర్లూ అదే వరుసలో: “01 ఇన్‌వాయిస్ 47”, “02 చలానా 112”. ఫోన్‌లో తీసిన ఫొటోకి ఉండే పొడవాటి అంకెల పేరుతో పంపితే అవతలివాళ్లు ఒక్కోటి తెరిచి చూడాలి. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్లు మొత్తం 25 ఎంబీ దాటితే అవి డ్రైవ్ లింక్‌గా మారిపోతాయి, కొన్ని ఆఫీసుల్లో ఆ లింకులు తెరుచుకోవు. అలాంటప్పుడు రెండు మెయిళ్లుగా విడదీసి, సబ్జెక్టులో 1/2, 2/2 అని వేయండి. వాట్సాప్‌లో అడిగితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అక్షరాలు మసకబారతాయి. వాట్సాప్‌లో పంపినా మెయిల్ కూడా కొట్టండి, ఫోన్ మారిస్తే ఆ రుజువు పోతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

పాత ఉత్తరం కాపీ చేసి పేరు మార్చడం అన్నిటికంటే పెద్దది. పైన చిరునామా మారుతుంది, కింద పాత ఆర్డర్ నంబరు అలాగే ఉంటుంది. నేను ఇప్పుడు ఖాళీ నమూనా ఒకటి పెట్టుకుని, మార్చాల్సిన చోటల్లా ఎర్ర రంగు వేసుకున్నాను. రాసిన చోటు నలుపు చేస్తూ పోతే, చివరికి ఎక్కడైనా ఎరుపు మిగిలిందంటే అది మర్చిపోయిందన్నమాట.

బిల్లులో మొత్తం ఒకటి, ఉత్తరంలో ఇంకొకటి ఉండటం. జీఎస్టీ కలపకముందు మొత్తాన్ని ఉత్తరంలో వేసేస్తుంటారు. నమూనాలో దీపం 3,900 చొప్పున 40కి రూ. 1,56,000, దానిమీద 18 శాతం రూ. 28,080, రెండూ కలిస్తే రూ. 1,84,080. క్యాలిక్యులేటర్‌లో మళ్లీ ఒకసారి కొట్టి చూసుకోండి.

ఒకే కవరులో రెండు ఆర్డర్ల బిల్లులు కలిపి ఒకే ఉత్తరం పెట్టడం. ఒకదానిలో తేడా వస్తే రెండూ ఆగుతాయి. ఆర్డర్‌కి ఒక ఉత్తరం.

పంపే ముందు ఇలా సరిచూసుకోండి

ఉత్తరాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వండి. ఇంట్లోవాళ్లయినా సరే. పట్టికలో ఒక్కో వరుస వాళ్లు పైకి చదవాలి, మీరు ఆ కాగితం చేత్తో తాకి పక్కన పెట్టాలి. కంటితో చూసుకుంటే ఉన్నట్టే అనిపిస్తుంది, చేత్తో తాకితేనే లేనిది తెలుస్తుంది.

తర్వాత నంబర్లు. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, తెలంగాణ అయితే 36తో, ఆంధ్రప్రదేశ్ అయితే 37తో మొదలవుతుంది, ఆ తర్వాతి 10 అక్షరాలు మీ పాన్ నంబరే. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా, దాన్ని ఇంగ్లీషు అక్షరం ఓ అనుకుని టైపు చేసేవాళ్లు చాలామంది. ఖాతా నంబరు క్యాన్సిల్డ్ చెక్కు మీద ఉన్నదానితో అంకె అంకె సరిచూడండి.

చివరగా ఉత్తరాన్ని ఒకసారి తపాలు గుమస్తాలా చదవండి. విషయం, సూచిక మాత్రమే చూసి ఇది ఏ టేబుల్‌కి వెళ్లాలో చెప్పగలిగితే బాగున్నట్టు. చెప్పలేకపోతే ఆ వరుస మళ్లీ రాయండి.

ఇచ్చి వచ్చాక ఆఫీస్ కాపీని విడిగా ఒక ఫైలులో నంబరు వరుసలో పెట్టి, ఫోన్‌లో ఒక ఫొటో కూడా తీసుకోండి. రెండు వారాలకు కబురు లేకపోతే ఫోన్ చేసి ఇన్‌వర్డ్ నంబరు చెప్పి ఏ సెక్షన్‌లో ఉందో కనుక్కోండి. అప్పటికీ కదలకపోతే ఇంకో ఉత్తరం రాయండి. ఈసారి సూచికలో రెండు వరుసలు: మొదటిది వాళ్ల ఉత్తర్వు నంబరు, రెండోది మీ మొదటి ఉత్తరం నంబరు, తేదీ, దాని మీద పడిన ఇన్‌వర్డ్ నంబరు. జతపరచినవి అన్న చోట స్టాంపు పడిన ఆఫీస్ కాపీ జిరాక్స్, 1 పేజీ. అసలు ఆఫీస్ కాపీ మాత్రం ఎవరు అడిగినా చేతికి ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.